యంత్రమునకు నామవాచకము నేర్పుట

నామవాచకమనగా నేమి అని అడిగినచో ఐదవ తరగతి బాలుడు సైతము, "మనుష్యుల పేర్లను, ప్రదేశముల పేర్లను, వస్తువుల పేర్లను తెలుపునది" అని తడుముకొనక అప్పజెప్పును. "కృష్ణ పడవమీద కృష్ణను దాటి కృష్ణా జిల్లాలో అడుగుపెట్టెను" అను వాక్యమును నల్లబల్లపై వ్రాసి, ఇందు ఏది మనిషి, ఏది నది, ఏది జిల్లా అని అడిగినను సరిగనే చెప్పును. నీకెట్లు తెలిసినదని అడిగినప్పుడు మాత్రము నోరు మెదపడు. మనకు తెలిసియు చెప్పలేని ఈ సంగతిని కంప్యూటరునకు విడమరచి చెప్పవలసిన అవసరము నేడు వచ్చినది.

పాత పత్రికలు, శాసనములు, జీవితచరిత్రలు వేలకొలది పుటలుగా కంప్యూటరులోనికి చేరుచున్నవి. ఫలానా ఊరి ప్రస్తావన ఎక్కడెక్కడ వచ్చినది, ఫలానా వ్యక్తి ఏయే సంస్థలలో పనిచేసినాడు అని వెదకి తీయుటకు పాఠవిశ్లేషణ సాఫ్ట్‌వేర్లు కలవు. వాటిని పనికి పెట్టువారు ముందుగా పేర్లకు వర్గములు ఏర్పరుపవలెను. తరువాత కొన్ని పుటలలోని పేర్లకు చేతితో వర్గపు గుర్తులు పెట్టి చూపవలెను. ఆ మాదిరిని బట్టి యంత్రము మిగిలిన పుటలను తానే గుర్తించుకొనును. మాదిరి తప్పినచో లక్ష పుటలలోను అదే తప్పు దొరలును.

ఈ వర్గములు ఎవరు చేసినవి? 1995లో అమెరికాలో జరిగిన ఆరవ 'సందేశ అవగాహన' సదస్సు వ్యక్తులు, సంస్థలు, ప్రదేశములు అను మూడింటిని, వాటితోపాటు తేదీ, సమయము, ధనము, శాతము అనువాటిని గుర్తింపవలెనని నిర్ణయించెను. వార్తలనుండి సమాచారము రాబట్టుట వారి ప్రయోజనము. దానికి అవి చాలినవి. తరువాతివారికి చాలలేదు. "ఢిల్లీ చలికి వణకుచున్నది", "ఢిల్లీ ఆ షరతునకు ఒప్పుకొనలేదు" అను రెండు వాక్యములను చూడుడు. మొదటిది ఊరు, రెండవది ప్రభుత్వము. అందుచేత ఆంటోనోట్స్ అను పాఠసంచయమున 18 వర్గములు పెట్టి, ప్రభుత్వము గల దేశములను, నగరములను ఒకచోట, కొండలను, నదులను వేరొకచోట, కట్టడములను మరియొకచోట చేర్చిరి.

ఇది మనకు పరాయి విద్య కాదు. చిన్నయసూరి బాలవ్యాకరణమున నామములను మహత్తులు, అమహత్తులు అని వేరుచేసెను. రాముడు 'వచ్చినాడు', సీత 'వచ్చినది', ఆవు 'వచ్చినది'. బహువచనమున పురుషులును స్త్రీలును 'వచ్చినారు', ఆవులు 'వచ్చినవి'. ఈ తేడాలను వివరించుటకు ఆ విభాగము కావలసివచ్చినది. ఆ వర్గములతో నదులను, జిల్లాలను ఏరబోయినచో అవి పనికిరావు. వర్గమనునది పేరునకు పుట్టుకతో అంటుకొనివచ్చునది కాదు. చేయదలచిన పనిని బట్టి మనము పెట్టుకొనునది.

2008 జనవరిలో హైదరాబాదున జరిగిన ఒక విద్వత్సభ హిందీ, బెంగాలీ, ఒడియా, తెలుగు, ఉర్దూ భాషలకై 12 వర్గములను తీసికొనెను. వ్యక్తి, సంస్థ, ప్రదేశములేకాక హోదా, పేరునకు ముందుండు గౌరవవాచకము, కొలత, సంక్షిప్తరూపము మున్నగునవి అందు చేరినవి. మాదిరికై ఇచ్చిన పాఠము హిందీకి సుమారు 5 లక్షల పదములు కాగా, తెలుగునకు సుమారు 64 వేలు మాత్రమే. ఇంగ్లీషునందువలె పేరును పట్టి యిచ్చు పెద్ద అక్షరము మనకు లేదు. సత్యము, శాంతి, బంగారము మాటలును అగును, మనుష్యులును అగుదురు.

ఇంటిపేర్ల చిక్కు ఇంకొకటి. కందుకూరి అను ఇంటిపేరున కందుకూరు ఉన్నది. వీరేశలింగము పంతులుగారు 1848లో జన్మించినది రాజమహేంద్రవరమున; వితంతూద్వాహోద్యమము నడపినదియు అచ్చటనే. ఇంటిపేరులోని ఊరును ప్రదేశముగా గుర్తింపుమని చెప్పిన సాఫ్ట్‌వేరుతో సంఘసంస్కరణోద్యమ పటము గీయించినచో, ఆయన కృషి యంతయు కందుకూరికి చేరిపోవును.

అంతకంటె సూక్ష్మమైనది పేరు ఎక్కడ మొదలగునను ప్రశ్న. 1995 నాటి నియమము ప్రకారము గౌరవవాచకము పేరులో భాగము కాదు. పాతకాలపు సభల వార్తలలో స్త్రీని భర్త పేరుతో "శ్రీమతి సుబ్బారావు గారు" అని వ్రాసిన సందర్భములు కలవు. 'శ్రీమతి'ని విడిచి గుర్తుపెట్టినచో మిగులునది సుబ్బారావు. సభలో మాటాడినది ఆమె, పట్టికకెక్కునది ఆయన. గౌరవవాచకమునకు వేరొక వర్గముంచి, దానిని పేరుతో ముడిపెట్టినచో ఆమె నిలుచును. ఒక చిన్న నియమముపై ఒక మనిషి ఉనికి ఆధారపడియున్నది. అట్లే, తేదీ యనగా అంకెలేయని చెప్పినచో ఆశ్వయుజ శుద్ధ దశమి యంత్రమునకు తేదీగా తోచదు. కొలతలలో పుట్టి, మానిక చేర్చనిచో దానశాసనములోని ధాన్యము లెక్కకు రాదు.

కావున వర్గములు ఏర్పరుపువారు ముందుగా తమ ప్రయోజనమును ఒక వాక్యమున వ్రాసికొనవలెను. వర్గములు కొద్దిగా నుండవలెను. ప్రతిదానికి నిర్వచనము, చేరు ఉదాహరణములు, చేరని ఉదాహరణములు ఇయ్యవలెను. 'శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము'న దేవుని పేరు సంస్థ పేరులో ఇమిడియున్నది. అట్టిచోట రెండింటిని గుర్తించుటయో, వెలుపలిదానినే గుర్తించుటయో ముందే తేల్చుకొనవలెను. పిమ్మట ఇద్దరు మనుష్యులు ఒకే పుటకు ఒకరిదొకరు చూడక గుర్తులు పెట్టవలెను. ఇద్దరికి భేదము వచ్చినచోట పెట్టినవారిని తప్పుపట్టుటకు ముందు నిర్వచనమును సరిచూడవలెను.

ఈ పనికి కంప్యూటరుకంటె ముందు తెలుగు రావలెను. అందుకే ఉపాధ్యాయ సోదరులకు ఒక మనవి. పాఠ్యపుస్తకములోని ఒక పుటను ఇద్దరు విద్యార్థులకిచ్చి, వ్యక్తులకు ఎరుపు, ప్రదేశములకు నీలము, సంస్థలకు ఆకుపచ్చ రంగు వేయింపుడు. రంగులు కలియనిచోట ఇద్దరిని నిలిపి కారణములు చెప్పింపుడు. నామవాచకమునకు బట్టీపట్టిన నిర్వచనము ఆ గంటలో కొంత చెదరును. దానికి బదులు వారు తామై వ్రాసికొను నియమములు రెండైనను మిగులును. రేపు మన పాత పత్రికలకు గుర్తులు పెట్టుటకు అట్టివారే కావలెను.