మెదీర్: రెండు భాషలు పంచుకున్న కొలత

స్పెయిన్‌లో మనిషి ఎత్తు తెలుసుకోవాలంటే "క్వాంతో మిదెస్?" అని అడుగుతారు. మనం "నీ ఎత్తెంత?" అంటాం. వాళ్ల ప్రశ్నలో ఎత్తు అనే మాటే ఉండదు, ఎంత కొలుస్తావనే అడుగుతారు. పోర్చుగీసులోనూ ఇదే పద్ధతి ఉంది. రెండు భాషల్లోనూ ఆ క్రియ మెదీర్. రాతలో ఒక్క అక్షరం తేడా ఉండదు. గుడ్డ కొలిచినా, పొలం కొలిచినా, ఆచితూచి మాట్లాడినా, ఇద్దరు బలాబలాలు తేల్చుకున్నా ఇదే క్రియ వాడతారు.

ఇంత కలిసి నడిచే క్రియ "నేను కొలుస్తాను" అనేచోట విడిపోతుంది. స్పానిష్ వాళ్లు మిదో అంటే, పోర్చుగీసు వాళ్లు మెసు అంటారు. ఇందుకు కారణం లాటిన్‌లో ఉంది.

లాటిన్‌లో కొలవడాన్ని మేతీరీ అనేవారు. రూపం కర్మణిలా కనిపించినా అర్థం కర్తరిదే. ఇలాంటి క్రియల్ని వాడుకభాష క్రమంగా మామూలు క్రియల్లో కలిపేసుకుంది. అచ్చుల మధ్య ఉన్న తకారం దకారమైంది. వీతా (జీవితం) రెండు భాషల్లోనూ వీదా అయినట్టే మేతీరీ కూడా మెదీర్ అయింది.

"నేను కొలుస్తాను" అనడానికి లాటిన్ రూపం మేతియోర్. ఇందులో తకారం వెంట ఇకారం, దాని వెంట మరో అచ్చు ఉన్నాయి. పోర్చుగీసులో ఇలాంటి "తి" సకారంగా మారింది. గ్రాతియా గ్రాసా అయినట్టే ఇక్కడ మెసు వచ్చింది. స్పానిష్ మాత్రం తక్కిన రూపాల్లోని దకారాన్నే ఇక్కడా నిలుపుకుంది. కానీ తర్వాతి ఇకారం తాను పోతూ పోతూ ముందున్న ఎకారాన్ని ఇకారంగా మార్చింది. మనిషి అన్న మాట బహువచనంలో మనుషులు అయినప్పుడు చివరి ఉకారం ముందున్న అచ్చును తనలా మార్చుకుంటుంది కదా, ఇదీ అలాంటిదే. తర్వాత ఆ ఇకారం మిదెస్, మిదె వంటి రూపాలకూ పాకింది. "మేం కొలుస్తాం" అనడానికి మాత్రం రెండు భాషల్లోనూ ఎకారమే మిగిలింది: స్పానిష్‌లో మెదీమోస్, పోర్చుగీసులో మెదీముస్.

పొరుగు భాషలు మరో దారి పట్టాయి. ఫ్రెంచి మెజ్యూరే, ఇటాలియన్ మిజురారే మేతీరీ నుంచి నేరుగా రాలేదు. కొలత అనే అర్థమున్న మేన్సూరా అనే నామవాచకం నుంచి పుట్టిన క్రియ వాటికి మూలం.

ఈ కుటుంబానికి మన వైపు చుట్టాలున్నారు. లాటిన్ మేతీరీనీ, కొలవడమనే అర్థమున్న సంస్కృత ధాతువు "మా"నూ భాషాశాస్త్రవేత్తలు ఒకే ప్రాచీన మూలానికి చేరుస్తారు. తెలుగులోకి వచ్చిన మాత్ర, పరిమాణం, ప్రమాణం, మితం ఆ ధాతువు నుంచి పుట్టినవే. స్పానిష్‌లో మితంగా ప్రవర్తించేవాణ్ణి కొమెదీదో అంటారు. అదీ ఈ కొలత కుటుంబంలోదే. కొలవలేనంత పెద్దదాన్ని వాళ్లు ఇన్మెన్సో అంటే, మనం అమితం అంటాం. రెండు మాటల నిర్మాణమూ ఒకటే: కొలతకు ముందు "కాదు" అని చెప్పే ఉపసర్గ.

ఈ రెండు భాషల్లో ఒకటి నేర్చుకుంటున్నవారు మిదో, మెసు జంటను గుర్తుపెట్టుకుంటే చాలు. అడగడమనే అర్థమున్న పెదీర్ కూడా ఇదే మూసలో నడుస్తుంది: స్పానిష్‌లో పిదో, పోర్చుగీసులో పెసు.