చుక్కల లెక్కలో కొయ్యూరు కుర్రాళ్లకూ చోటుంది

1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఖగోళవేత్త జూల్స్ జాన్సెన్ ఫ్రాన్స్ నుంచి ఓడెక్కి మన గుంటూరు దాకా వచ్చాడని తెలుసా? సూర్యుడి అంచున ఎగసే జ్వాలలను గ్రహణం లేనప్పుడు కూడా పరిశీలించవచ్చని ఆ మర్నాడే ఇక్కడే తేల్చాడు. ఇప్పుడు ఆకాశ పరిశోధనలో చేయి కలపడానికి అంత ప్రయాణం అక్కర్లేదు. ఖగోళ పరిశోధనలో వాడే ప్రోగ్రాముల కోడ్ చాలావరకు నెట్‌లో అందరికీ తెరిచే ఉంది. చదవొచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపొచ్చు.

ఆకాశాన్ని పంచుకుని పనిచేయడం మనకు కొత్త కాదు. 1887లో పారిస్‌లో మొదలైన నక్షత్రాల పట్టిక పనిలో హైదరాబాద్ నిజామియా వేధశాల తన వంతు తీసుకుని 7 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచింది.

2023 జూన్ 29న విశ్వమంతా నిండిన సన్నని గురుత్వ తరంగాల జాడ దొరికిందని ప్రపంచానికి చెప్పిన బృందాల్లో మన పల్సార్ పరిశోధకుల ఇన్‌పీటీఏ ఒకటి. ఐఐటీ హైదరాబాద్ వాళ్లూ అందులో ఉన్నారు. పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు నుంచి వచ్చే పల్సార్ల సమాచారాన్ని శుద్ధి చేయడానికి ఈ బృందం రాసుకున్న ప్రోగ్రాం పేరు ‘పింటా’. దాని కోడ్ కూడా బహిరంగమే.

పల్సార్లు గడియారాల్లా తిరిగే నక్షత్రాలు. వాటితో పని అంటే కాలాన్ని అతి సూక్ష్మంగా కొలవాలి. ఖగోళవేత్తలు తేదీని ఒకే పెద్ద సంఖ్యగా, జూలియన్ దినంగా రాస్తారు. ఈనాటి సంఖ్య 24 లక్షలు దాటింది. కంప్యూటర్ మామూలుగా 16 అంకెల దాకానే గుర్తుంచుకుంటుంది కాబట్టి, అంత పెద్ద సంఖ్యలో 40 మైక్రోసెకన్ల కంటే చిన్న తేడా దానికి కనిపించదు. పల్సార్ల పనికి ఆ తేడా చాలా పెద్దది. అందుకే పైథాన్ భాషలో 2011లో మొదలైన ‘ఆస్ట్రోపై’ లైబ్రరీ ఒక్క తేదీని రెండు సంఖ్యలుగా విడగొట్టి దాస్తుంది. దాంతో 1,380 కోట్ల ఏళ్ల విశ్వం వయసులోనూ నానోసెకను తప్పిపోదు. ఇంత ముచ్చటైన ఉపాయాన్ని ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు!

ఇలాంటి కోడ్ రాయడానికి ఖగోళవేత్తే కానక్కర్లేదు. నక్షత్రాల పుట్టుక నుంచి చావు దాకా లెక్కగట్టే ‘మెసా’ ప్రోగ్రాంను మొదలుపెట్టిన బిల్ పాక్స్టన్ కంప్యూటర్ మనిషి. అంతకుముందు అడోబీలో పోస్ట్‌స్క్రిప్ట్ మీద పనిచేశాడు.

కొలమానాలు కలగాపులగమై 1999 సెప్టెంబరు 23న నాసా అంగారక నౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నాశనమైంది. కొలమానాల విషయంలో ఆస్ట్రోపై జాగ్రత్తగా ఉంటుంది: మీటర్లకు సెకన్లు కలపబోతే ప్రోగ్రాం ఒప్పుకోదు.

మరి మొదటి అడుగు? కోడ్ నకలు తెచ్చుకుని, మార్పు చేసి, దాన్ని కలుపుకోమని అడిగే పుల్ రిక్వెస్ట్ పంపాలి. పరీక్షలు వాటంతటవే నడుస్తాయి. తర్వాత ఆ ప్రాజెక్టు నిర్వాహకులు వరుస వరుసా చదివి, ఇక్కడ మార్చు, దీనికి ఇంకో పరీక్ష రాయి అంటారు. వాళ్లు అడిగేది డిగ్రీ కాదు, సరైన కోడ్. వివరణలో ఒక తప్పు ఉదాహరణ సరిచేసినా అది నిజమైన సాయమే. ఎందుకంటే రేపు దాన్ని చదివి ఏ పరిశోధకుడో లెక్క మొదలుపెడతాడు.

కొయ్యూరు మన్యంలోనో నర్సీపట్నంలోనో పైథాన్ నేర్చుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆస్ట్రోపై పేజీలో కొత్తవారికని గుర్తుపెట్టిన పనులు ఒకసారి చూడండి. 18 ఏళ్లు నిండితే, ఇలాంటి బహిరంగ కోడ్ ప్రాజెక్టుల్లో పనిచేసే అవకాశమిచ్చే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కు దరఖాస్తు పెట్టొచ్చు. ఎంపికై పని పూర్తిచేస్తే భృతి కూడా ఇస్తారు.