యోజనం - ఖగోళ దూరాల గణన

యోజనం ప్రాచీన భారతదేశంలో వాడుకలో ఉన్న ఒక దూరమానం. దీనిని తెలుగులో ఆమడ అని కూడా అంటారు. నేలమీద దూరాలను కొలిచిన ఈ మానంతోనే జ్యోతిష సిద్ధాంత గ్రంథాలు భూమి వ్యాసాన్ని, చంద్రసూర్యుల దూరాలను తెలిపాయి. అయితే యోజనం పొడవు అన్ని గ్రంథాలలోనూ ఒకటి కాదు. అందువలన ఒక గ్రంథంలోని యోజనాలను నేరుగా కిలోమీటర్లలోకి మార్చితే పొరపాటు ఫలితాలు వస్తాయి. అదే గ్రంథం చెప్పిన భూవ్యాసంతో పోల్చి మార్చడం సరైన పద్ధతి.

నేల కొలతలు

భాస్కరాచార్యుడు 1150లో రచించిన లీలావతిలో దూరమానాలు ఈ విధంగా ఉన్నాయి:

* 24 అంగుళాలు = 1 హస్తం (మూర)
* 4 హస్తాలు = 1 దండం
* 2,000 దండాలు = 1 క్రోశం
* 4 క్రోశాలు = 1 యోజనం

ఈ లెక్కన యోజనానికి 32,000 మూరలు. పొలాలను కొలిచే నివర్తనం కూడా మూరపైనే ఆధారపడింది. లీలావతి ప్రకారం 200 మూరల భుజం గల చతురస్రం ఒక నివర్తనం. శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి నాసిక్ శాసనంలో 200 నివర్తనాల పొలాన్ని దానం చేసిన విషయం ఉంది.

మూర అంటే మోచేతి నుండి మధ్యవేలి కొస వరకు గల పొడవు. ఇది మనిషిని బట్టి, ప్రాంతాన్ని బట్టి మారుతుంది. మూరను 45.7 సెంటీమీటర్లుగా తీసుకుంటే యోజనం సుమారు 14.6 కిలోమీటర్లు అవుతుంది. మూరలో వచ్చే చిన్న తేడా యోజనంలో 32,000 రెట్లు పెరుగుతుంది.

చంద్రుని దూరం

ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో భూవ్యాసం 1,050 యోజనాలని, చంద్రుని వ్యాసం 315 యోజనాలని చెప్పాడు. చంద్రకక్ష్యలో ఒక కళకు (డిగ్రీలో 60వ వంతు) 10 యోజనాలు. వృత్తంలో 21,600 కళలు ఉంటాయి కనుక కక్ష్య చుట్టుకొలత 2,16,000 యోజనాలు. దీనిని 6.2832తో భాగిస్తే చంద్రుని దూరం సుమారు 34,377 యోజనాలు.

సూర్యసిద్ధాంతం ప్రకారం భూవ్యాసం 1,600 యోజనాలు, చంద్రకక్ష్య 3,24,000 యోజనాలు. అంటే చంద్రుని దూరం సుమారు 51,566 యోజనాలు.

రెండింటినీ 14.6 కిలోమీటర్ల యోజనంతో మార్చితే మొదటిది సుమారు 5 లక్షల కి.మీ., రెండవది సుమారు 7.5 లక్షల కి.మీ. అవుతుంది. రెండు గ్రంథాలూ పూర్తిగా విభేదించినట్లు కనబడుతుంది. కాని భూవ్యాసంతో భాగించి చూస్తే ఆర్యభటీయంలో చంద్రుడు 32.7 భూవ్యాసాల దూరంలోను, సూర్యసిద్ధాంతంలో 32.2 భూవ్యాసాల దూరంలోను ఉన్నాడు. నేటి సగటు భూవ్యాసం 12,742 కి.మీ.తో గుణిస్తే ఇవి వరుసగా 4.17 లక్షలు, 4.11 లక్షల కి.మీ. అవుతాయి. నేటి సగటు విలువ 3,84,400 కి.మీ. అంటే గ్రంథాలు వేరు చేసినది యోజనాన్నే గాని చంద్రుని దూరాన్ని కాదు.

సూర్యుని దూరం

ఇదే పద్ధతిలో సూర్యుని దూరం ఆర్యభటీయం ప్రకారం సుమారు 438 భూవ్యాసాలు, అంటే దాదాపు 56 లక్షల కి.మీ. అసలు సగటు దూరం 14.96 కోట్ల కి.మీ. ఈ లోపం యోజనానిది కాదు. గ్రహాలన్నీ రోజుకు సమాన సంఖ్యలో యోజనాలు నడుస్తాయని సిద్ధాంతకర్తలు భావించారు. సూర్యుని ప్రదక్షిణ కాలం చంద్రుని కాలానికి 13.37 రెట్లు కనుక దూరం కూడా అన్ని రెట్లే అనుకున్నారు. నిజానికి అది సుమారు 389 రెట్లు. శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్ని 1761, 1769లలో భూమిపై అనేక చోట్ల నుండి పరిశీలించిన తరువాత ఈ దూరం మరింత కచ్చితంగా తెలిసింది.

ప్రచారంలో ఉన్న ఒక లెక్క

హనుమాన్ చాలీసాలో సూర్యుని దూరాన్ని వర్ణించే చోట యుగం, సహస్రం, యోజనం అనే అర్థమిచ్చే పదాలు ఉన్నాయి. యుగాన్ని 12,000గా, యోజనాన్ని 8 మైళ్ళుగా తీసుకుని గుణిస్తే 9.6 కోట్ల మైళ్ళు వస్తుందని, ఇది నేటి విలువ అయిన 9.3 కోట్ల మైళ్ళకు దగ్గరగా ఉందని ఒక లెక్క ప్రచారంలో ఉంది. ఇందులో 12,000 అనేది దివ్య సంవత్సరాల సంఖ్య, అనగా కాలమానం. దూరాన్ని లెక్కించడానికి అది గుణకం కాదు. యోజనానికి 8 మైళ్ళు అన్నది కూడా ఉన్న అనేక విలువలలో ఒకటి మాత్రమే. అదే 8 మైళ్ళతో గుణిస్తే సూర్యసిద్ధాంతంలోని సూర్యుని దూరం, అనగా సుమారు 6,89,000 యోజనాలు, 55 లక్షల మైళ్ళే అవుతుంది. స్తోత్రంలోని మాటను వర్ణనగా గ్రహించడం వేరు, కొలతగా లెక్కించడం వేరు.

ప్రాచీన గ్రంథంలోని ఏ దూరాన్నైనా మార్చే ముందు ఆ గ్రంథం భూవ్యాసాన్ని ఎన్ని యోజనాలుగా చెప్పిందో చూడాలి. భూవ్యాసం చెప్పని గ్రంథంలోని యోజనాలకు కచ్చితమైన కిలోమీటర్ల విలువ కట్టడం సాధ్యం కాదు.