బొగ్గు ఊరి గుర్రప్పందెం

ఇంగ్లండు గుర్రప్పందేలనగానే అందరికీ డెర్బీ గుర్తొస్తుంది. గోదావరిఖని వాళ్లకు దగ్గరి చుట్టం మాత్రం సెయింట్ లెజర్. అది జరిగే డాంకాస్టర్ కూడా ఒకప్పుడు బొగ్గు ఊరే. రోసింగ్టన్, బెంట్లీ, హాట్‌ఫీల్డ్ బాయిలు దాని చుట్టుపక్కలవే. సెప్టెంబరులో లెజర్ వారం వచ్చిందంటే దక్షిణ యార్క్‌షైర్ గని కార్మికులకు పండుగే అయ్యేది. రాజుల, ప్రభువుల గుర్రాలు పరుగెత్తే మైదానానికి బాయి పని మనుషులు ఇంటిల్లిపాదీ తరలేవారు. హాట్‌ఫీల్డ్ గని 2015లో మూతపడింది, పందెం నడుస్తూనే ఉంది.

వయసులో ఇది డెర్బీ కన్నా పెద్దది. డెర్బీ 1780లో మొదలైతే ఇది 1776లోనే మొదలైంది. పేరు మాత్రం 1778లో ఒక విందులో పెట్టారు. మొదటి పందెం గెలిచిన గుర్రం రాకింగ్‌హామ్ ప్రభువుది. ఆయన తన పేరు వద్దని, పందేన్ని తలపెట్టిన సైనికాధికారి ఆంటొనీ సెయింట్ లెజర్ పేరే ఉండాలన్నాడు. ఆ పెద్దమనసు నాకు నచ్చుతుంది.

ఆ రోజుల్లో పందెపు గుర్రం రోజుల తరబడి నడుచుకుంటూ మైదానానికి చేరాల్సి వచ్చేది. 1836లో ఎలిస్ అనే గుర్రం ఎక్కడో దక్షిణాన గుడ్‌వుడ్‌లో ఉంది, ఇక సమయానికి రాలేదని పందెం కాసేవాళ్లు తేల్చేసుకున్నారు. జార్జ్ బెంటింక్ ప్రభువు దాన్ని ప్రత్యేకంగా చేయించిన బండిలో ఎక్కించి, ఆ బండిని వేరే గుర్రాలతో లాగించి తీసుకొచ్చాడు. అలసట లేకుండా దిగిన ఎలిస్ గెలిచింది!

రికార్డులంటారా? జాకీగా బిల్ స్కాట్ 9 సార్లు, శిక్షకుడిగా ఆయన అన్న జాన్ స్కాట్ 16 సార్లు గెలిచారు. సుమారు 2,900 మీటర్ల దూరాన్ని 2019లో లాజిషియన్ 3 నిమిషాల 0.27 సెకన్లలో పూర్తి చేసింది. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 1939లో పందెం రద్దయింది. 1989లో డాంకాస్టర్ ట్రాక్ కింద నేల కుంగి గుర్రాలు పడిపోవడంతో ఆ ఏడాది పందేన్ని స్కాట్లాండ్‌లోని ఎయిర్‌కు మార్చారు. నేల కుంగితే ఏమవుతుందో మన దగ్గర పిల్లలకూ తెలుసు.

మనకు స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి నెలలోనే, 1947 సెప్టెంబరులో, ఈ పందెం గెలిచింది ఒక భారతీయుడి గుర్రం. బరోడా మహారాజు ప్రతాప్‌సింహ్ గైక్వాడ్ దాన్ని ఏడాది పిల్లగా ఉన్నప్పుడే 28,000 గినీలకు కొన్నాడు. బ్రిటన్‌లో ఆ వయసు పిల్లకు అప్పటికి అదే రికార్డు ధర. 1945 డెర్బీ గెలిచిన డాంటేకు అది సొంత తమ్ముడు మరి! దానికి మహారాజు తన తాత పేరు పెట్టుకున్నాడు: సయాజీరావు. కథ అక్కడితో ఆగలేదు. డాంకాస్టర్‌లో రైలింజన్ల కర్మాగారం కూడా ఉండేది, గెలిచిన గుర్రాల పేర్లు ఇంజన్లకు పెట్టడం అక్కడి ఆనవాయితీ. 1948లో తయారైన 60530 నంబరు ఆవిరి ఇంజను పేరు సయాజీరావు. బరోడా రాజు పేరు మోస్తూ అది బ్రిటన్ బొగ్గు తిని పరుగులు తీసింది.

ఈ పందెం పేరు మన రాష్ట్రంలోనూ ఉంది. హైదరాబాద్ మలక్‌పేట మైదానంలో గోల్కొండ సెయింట్ లెజర్ జరుగుతుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ గుర్రప్పందేలను మౌలాలి నుంచి మలక్‌పేటకు తెచ్చింది 1886లో. సింగరేణికి మాతృసంస్థ అయిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి ఇల్లందు బొగ్గు తవ్వే హక్కులు దక్కిందీ ఆ ఏడాదే.