చెమట ఆరితేనే చలువ

మానవ శరీరం తన లోపలి ఉష్ణోగ్రతను సుమారు 37 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలుపుకుంటుంది. మెదడులోని హైపోథాలమస్ ఈ పనిని నడిపిస్తుంది. వేడి పెరగగానే చర్మంలోని రక్తనాళాలు వెడల్పవుతాయి. స్వేద గ్రంథులు చెమటను స్రవిస్తాయి. ఆ చెమట ఆవిరి అవుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. ఆరకుండా కారిపోయిన చెమట శరీరాన్ని చల్లబరచదు.

జార్జి టౌన్‌లో చిక్కు ఇక్కడే ఉంది. సముద్రం పక్కనే ఉన్నందున గాలిలో తేమ ఎక్కువ. మింట్ వీధి వంటి ఇరుకైన చోట్ల గాలి సరిగా ఆడదు. అందువల్ల రాయలసీమ పొడి ఎండకు అలవాటుపడినవారు సైతం ఇక్కడ అంతకన్న తక్కువ ఎండలోనే సొమ్మసిల్లవచ్చు. మూటలు మోసేవారికి, బండి లాగేవారికి కండరాల శ్రమ వల్ల పుట్టే వేడి దీనికి తోడవుతుంది.

కనుక దాహం వేయకముందే నీరు, ఉప్పు వేసిన మజ్జిగ తాగాలి. మధ్యాహ్నం గాలి తగిలే నీడన విశ్రమించాలి. కొత్తగా వచ్చినవారు పనిభారాన్ని ఒకటి రెండు వారాలలో క్రమంగా పెంచుకోవాలి.

ఎండలో పనిచేసేవారికి మాట తడబడినా, స్పృహ తప్పినా వడదెబ్బగా భావించాలి. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి ఉండవచ్చు. చెమట పడుతున్నదని ఉపేక్షించరాదు. వెంటనే 108కు ఫోన్ చేసి, నీడకు చేర్చి, ఒళ్లంతా నీటితో తడిపి విసరాలి. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు.