కీకార్డుతో తెరుచుకునే తాళం: కరెంటు పోతే?

కార్డు చూపితే తెరుచుకునే తలుపు తాళాన్ని మీరు ఇంట్లోనే తయారుచేసుకోవచ్చు. ఇందులో ముఖ్యమైన భాగాలు నాలుగు: కార్డు రీడరు, మైక్రోకంట్రోలరు, రిలే, సోలెనాయిడ్ తాళం.

రీడరు 13.56 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను వెలువరిస్తుంది. కార్డులో బ్యాటరీ ఉండదు. దానిలోని తీగచుట్ట ఆ తరంగాల నుంచే శక్తిని గ్రహించి, తన గుర్తింపు సంఖ్యను రీడరుకు పంపుతుంది. ఆ సంఖ్య మైక్రోకంట్రోలరులో నమోదై ఉంటే రిలే పనిచేస్తుంది. అప్పుడు 12 వోల్టుల సోలెనాయిడ్‌కు విద్యుత్తు అంది, గడియ వెనక్కి జరుగుతుంది. సోలెనాయిడ్‌కు కావలసినంత విద్యుత్ ప్రవాహాన్ని మైక్రోకంట్రోలరు నేరుగా ఇవ్వలేదు. అందుకే రిలే అవసరం.

కరెంటు పోయినప్పుడు ఏమవుతుందో ఆలోచించండి. ఈ గడియను స్ప్రింగు మూసే ఉంచుతుంది. విద్యుదయస్కాంత తాళమైతే పట్టు వదిలేస్తుంది. మొదటిదానిలో మనుషులు లోపల చిక్కుకుపోవచ్చు. రెండవదానిలో ఇల్లు తెరిచినట్లే. అగ్నిప్రమాదంలో మొదటిది ప్రాణాంతకం. కాబట్టి సోలెనాయిడ్ తాళానికి లోపలి నుంచి చేత్తో తీసే పిడి, బయటి నుంచి మామూలు తాళంచెవి తప్పక ఉండాలి. బ్యాటరీ వీటికి అదనమే గాని ప్రత్యామ్నాయం కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: వంటగ్యాస్ సిలిండర్ ఉన్న గదికి ఏ తాళం ఎంచుకుంటారు? కారణం రాయండి.