వెంటిలేటర్ పక్కన ఎవరున్నారు?

కోల్‌కతాలోని భవానీపూర్‌లో ఒక పెద్ద ఆసుపత్రికి అర్ధరాత్రి దాటాక న్యుమోనియాతో ఒక మహిళను తీసుకొచ్చారనుకుందాం. ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 70 కిలోలు. ఆక్సిజన్ మాస్కు సరిపోక డాక్టర్లు ఆమె శ్వాసనాళంలోకి గొట్టం వేసి వెంటిలేటర్‌కు కలిపారు. ఇప్పుడు యంత్రానికి ఒక అంకె చెప్పాలి: ఒక్కో శ్వాసకు ఎన్ని మిల్లీలీటర్ల గాలి పంపాలి? మనిషి లావుగా ఉంది కదా అని ఉజ్జాయింపుగా 500 అని పెట్టేస్తే యంత్రం ఎదురు చెప్పదు. నిమిషానికి 20 సార్లు, గంటకు 1,200 సార్లు అంతే గాలి పంపుతూ పోతుంది.

అక్కడ రెస్పిరేటరీ థెరపిస్ట్ ఉంటే ముందు టేపు తీస్తారు. రోగిని తల నుంచి మడమ దాకా కొలుస్తారు. ఒళ్ళు వచ్చినంత మాత్రాన ఊపిరితిత్తులు పెరగవు. వాటి పరిమాణం ఎత్తును బట్టి ఉంటుంది. అందుకే ఐసీయూలో ఒక లెక్క వాడతారు. సెంటీమీటర్లలో ఎత్తు నుంచి 152.4 తీసేసి, వచ్చినదాన్ని 0.91తో గుణించి, స్త్రీలకైతే 45.5, పురుషులకైతే 50 కలపాలి. ఈ మహిళకు ఆ లెక్క సుమారు 43 కిలోలు చూపిస్తుంది. కిలోకు 6 మిల్లీలీటర్ల చొప్పున ఆమెకు ఇవ్వాల్సింది 260 మిల్లీలీటర్లు. 500 అంటే దాదాపు రెట్టింపు.

ఆ రెట్టింపు వల్ల ఏమవుతుందో 2000లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపించింది. ఏఆర్‌డీఎస్ అనే తీవ్ర ఊపిరితిత్తుల వైఫల్యంతో ఉన్న 861 మంది రోగులను రెండు వర్గాలు చేశారు. కిలోకు 12 మిల్లీలీటర్లతో మొదలుపెట్టిన వర్గంలో 39.8 శాతం మంది చనిపోయారు. 6 మిల్లీలీటర్ల వర్గంలో 31 శాతం. కొత్త మందేదీ లేదు, కొత్త యంత్రమూ లేదు. 500 అని పెట్టిన మన మహిళకు అందుతున్నది కిలోకు 11 మిల్లీలీటర్ల పైమాటే.

కారణం అర్థం కావాలంటే మామూలు శ్వాసను గమనించాలి. మనం గాలి పీల్చేటప్పుడు ఛాతీ వ్యాకోచించి గాలిని లోపలికి లాక్కుంటుంది. వెంటిలేటర్ గాలిని లోపలికి నెడుతుంది. జబ్బుపడ్డ ఊపిరితిత్తిలో చాలా గాలిగదులు నీటితో నిండిపోయి మూసుకుపోతాయి. నెట్టిన గాలంతా మిగిలిన కాస్త ఆరోగ్యకరమైన భాగంలోకే వెళ్తుంది. పెద్దలకు సరిపడే గాలిని చిన్నపిల్లల ఊపిరితిత్తిలోకి నింపినట్టు అవుతుంది. ఆ భాగం సాగి సాగి దెబ్బతింటుంది.

ఇక అలారం. ఐసీయూలో అన్నిటికంటే ఎక్కువ వినిపించే శబ్దం ఇదే. తెరమీద ‘పీడనం ఎక్కువ’ అని వస్తుంది. అప్పుడు రెస్పిరేటరీ థెరపిస్ట్ చేసే పని చూడటానికి చిన్నది, భౌతికశాస్త్రం చదివినవాళ్ళకు మాత్రం ముచ్చట వేస్తుంది. ఊపిరితిత్తులు నిండగానే ఒక బటన్ నొక్కి గాలి ప్రవాహాన్ని అర సెకను ఆపుతారు. ప్రవాహం లేనప్పుడు గొట్టం వల్ల కలిగే నిరోధం ఉండదు. అప్పుడు కనిపించే పీడనం ఊపిరితిత్తుల బిగువుది మాత్రమే. ఆ అంకె మామూలుగా ఉందంటే ఊపిరితిత్తి బాగానే ఉంది, దారిలో ఎక్కడో అడ్డం పడింది: గొట్టంలో కఫం పేరుకుని ఉండొచ్చు, రోగి పళ్ళతో గొట్టాన్ని కొరుకుతూ ఉండొచ్చు, శ్వాసనాళాలు ముడుచుకుపోయి ఉండొచ్చు. ఆపినా పీడనం దిగలేదంటే ఊపిరితిత్తే బిగుసుకుపోతోందని, లేదా దాని చుట్టూ గాలి చేరి నొక్కుతోందని అనుమానించాలి. మొదటిదానికి కఫం లాగేస్తే సరిపోవచ్చు. రెండోదానికి డాక్టర్‌ను క్షణాల్లో పిలవాలి. బటన్ నొక్కి ఆపినప్పుడు కనిపించే ఈ పీడనం 30 సెంటీమీటర్ల నీటిమట్టానికి సమానమైన పీడనం దాటకుండా చూడటం సాధారణ నియమం.

కఫం గురించి ఒక లెక్క. 8 మిల్లీమీటర్ల గొట్టం లోపల కఫం అంటుకుని దారి 6 మిల్లీమీటర్లకు తగ్గితే, గాలి ప్రశాంతంగా ప్రవహించినా సరే నిరోధం మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. నిరోధం వ్యాసార్థం నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది కాబట్టి. అందుకే రోగికి అందే గాలిని వెచ్చగా, తేమగా ఉంచడం థెరపిస్ట్ రోజువారీ పనుల్లో ముఖ్యమైనది. మామూలుగా ఆ పని ముక్కు చేస్తుంది. గొట్టం వేయగానే ముక్కు పక్కకు తప్పుకుంటుంది, పొడిగాలికి కఫం గట్టిపడుతుంది.

రోగి కోలుకుంటున్నప్పుడు వెంటిలేటర్‌ను ఎప్పుడు తీసేయాలి అన్నది మరో పెద్ద ప్రశ్న. తొందరపడి తీస్తే మళ్ళీ గొట్టం వేయాల్సి రావచ్చు. ఆలస్యం చేస్తే ఇన్ఫెక్షన్లు, కండరాల బలహీనత. యంత్రం సాయాన్ని బాగా తగ్గించి రోగి తనంతట తాను ఎలా ఊపిరి తీస్తున్నారో చూస్తారు. నిమిషానికి శ్వాసల సంఖ్యను, ఒక్కో శ్వాసలో లీటర్ల గాలితో భాగిస్తారు. నిమిషానికి 20 శ్వాసలు, ఒక్కోటి 0.4 లీటర్లు అయితే ఫలితం 50, మంచి సూచన. 30 శ్వాసలు, 0.25 లీటర్లు అయితే 120. ఇది 105 దాటితే రోగి ఆయాసపడుతున్నారని, ఇంకా ఆగాలని అర్థం. తుది నిర్ణయం డాక్టర్‌దే. కానీ ఆ పరీక్షను రోజూ తప్పకుండా చేయడం వల్ల లాభం ఉందని 1996లో ఒక అమెరికన్ అధ్యయనం చూపించింది. 300 మంది రోగుల్లో రోజూ ఇలా పరిశీలించిన వర్గానికి వెంటిలేటర్ అవసరం సగటున ఆరు రోజుల నుంచి నాలుగున్నర రోజులకు తగ్గింది. రోజూ పరిశీలించి డాక్టర్లకు తెలియజేసిన వారిలో రెస్పిరేటరీ థెరపిస్టులు, నర్సులు ఉన్నారు.

ఐసీయూ బయట కూడా ఈ వృత్తికి పని ఉంది. స్పైరోమెట్రీ గదిలో ‘ఊదండి, ఊదండి, ఇంకా ఊదండి’ అని రోగిని ఉత్సాహపరిచేది వీళ్ళే. బెంగాలీ, హిందీ, గుజరాతీ, పంజాబీ అన్నీ వినిపించే భవానీపూర్‌లో ఆ మాట రోగి భాషలో చెప్పడమూ నైపుణ్యమే. సరిగా ఊదకపోతే ఫలితానికి విలువ లేదు. ఇన్‌హేలర్ ఎలా పీల్చాలో చూపించేది, సీఓపీడీ రోగికి ఆక్సిజన్ అతిగా ఇవ్వకుండా 88 నుంచి 92 శాతం మధ్య సంతృప్తత నిలిపేది కూడా వీళ్ళే.

ఈ ప్రాంతంలోని ఎస్‌ఎస్‌కేఎం ఆసుపత్రిని స్థానికులు ఇప్పటికీ ‘పీజీ’ అంటారు. పాత పేరు ప్రెసిడెన్సీ జనరల్. 1897లో సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన రొనాల్డ్ రాస్, మరుసటి ఏడాది తన పరిశోధన పూర్తిచేసింది ఇక్కడే. స్మారక ద్వారం కూడా ఉంది. వెంటిలేటర్ పక్కన నిలబడే మనిషి చరిత్రకు మాత్రం కోపెన్‌హాగెన్ వెళ్ళాలి. 1952లో పోలియో అక్కడి బ్లెగ్‌డామ్ ఆసుపత్రిని ముంచెత్తినప్పుడు యంత్రాలు సరిపోలేదు. మత్తువైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ రోగుల శ్వాసనాళంలోకి గొట్టం అమర్చి రబ్బరు సంచిని చేత్తో నొక్కే పద్ధతి చూపించాడు. సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా నెలల తరబడి ఆ సంచులు నొక్కారు.

మన దేశంలో 2020 మేలో పీఎం కేర్స్ నిధి నుంచి 50,000 వెంటిలేటర్లకు 2,000 కోట్ల రూపాయలు కేటాయించారు. యంత్రం నెలల్లో వస్తుంది. దాన్ని నడిపే మనిషి తయారవడానికి మూడేళ్ళ డిగ్రీ, ఏడాది ఇంటర్న్‌షిప్ కావాలి. తెలంగాణలో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలో బీఎస్సీ రెస్పిరేటరీ థెరపీ టెక్నాలజీ ఉంది. ఇంటర్‌లో బైపీసీ చదివినవారికి ఇది ఒక దారి. పశ్చిమ బెంగాల్‌లో ఇలాంటి పనికి దగ్గరగా క్రిటికల్ కేర్ టెక్నాలజీ పేరుతో డిప్లొమా, డిగ్రీ నడుస్తున్నాయి. అంటే భవానీపూర్ ఐసీయూలో వెంటిలేటర్ చూసే వ్యక్తి గుర్తింపు కార్డు మీద ‘రెస్పిరేటరీ థెరపిస్ట్’ అని ఉండకపోవచ్చు. కొన్నిచోట్ల ఈ పని నర్సుల మీదే పడుతుంది. అప్పటికే చేతినిండా పనితో ఉన్న నర్సు, టేపు తీసి కొలిచి లెక్క వేయడానికి ఎంత తీరిక దొరుకుతుందో ఊహించుకోవచ్చు.

పేర్ల గందరగోళాన్ని సరిచేసే ప్రయత్నం 2021లో వచ్చిన ఆరోగ్య అనుబంధ వృత్తుల జాతీయ కమిషన్ చట్టంతో మొదలైంది. ఈ వృత్తి అందులో ‘రెస్పిరేటరీ టెక్నాలజిస్ట్’ పేరుతో ఉంది. చట్టం ప్రకారం ఆరోగ్య వృత్తినిపుణులు అనిపించుకోవాలంటే కనీసం 3,600 గంటల చదువు ఉండాలి. ఈ కోర్సులో చేరాలనుకునే విద్యార్థి ఫీజు కన్నా ముందు అడగాల్సినవి రెండున్నాయి: కళాశాలకు సొంత ఐసీయూ ఉందా, అందులో ఇంటర్న్‌లకు వెంటిలేటర్ మీద నిజంగా చేయిపెట్టనిస్తారా?